బి-52ని డెబ్బై ఏళ్ళు పోషించిన ఖర్చు

(విశాఖపట్నంలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మీలో ఆర్కే బీచ్‌కి వెళ్ళనివాళ్ళు ఉండరు. కురుసురా జలాంతర్గామికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, ఒక పెద్ద విమానం నిలబెట్టి ఉంటుంది. చాలామంది దాని ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు దాని రెక్కల కింద ఒక పది నిమిషాలు నిలబడండి. ఒక్కో ఇంజిన్‌కి ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి, అవి రెండూ వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి. ఆ విమానం పేరు టీయూ-142. 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో పనిచేసింది. సముద్రంలో జలాంతర్గాముల జాడ తీయడం దాని ఉద్యోగం. కానీ అది పుట్టింది బాంబర్ల ఇంట్లో. 1952లో సోవియట్ యూనియన్ మొదటిసారి ఎగరేసిన టీయూ-95 బాంబర్‌నే మార్చి దీన్ని చేశారు. మన దగ్గరది రిటైరై మ్యూజియం అయిపోయింది. దాని అన్న టీయూ-95 మాత్రం రష్యాలో ఇప్పటికీ డ్యూటీలో ఉంది.

అదే 1952లో, ఏప్రిల్ 15న, అమెరికాలో ఇంకో బాంబర్ మొదటిసారి గాల్లోకి లేచింది. బోయింగ్ కంపెనీ చేసిన బి-52. ఈరోజు నేను మాట్లాడబోయేది దాని ఖర్చు గురించి. ఎంత పెట్టి కొన్నారన్నది తేలిగ్గా తేలిపోయే లెక్క. డెబ్బై ఏళ్ళుగా దాన్ని ఎలా పోషిస్తున్నారు, ఇంకో పాతికేళ్ళ పైన ఎలా పోషించబోతున్నారు అన్నదే అసలు విషయం.

నా సంగతి ముందు చెప్పాలి. నేను పైలట్‌ని కాదు, డిజైనర్‌ని కూడా కాదు. ముప్ఫై ఏళ్ళు విమానాల విడిభాగాల స్టోర్స్‌లో పనిచేశాను. విమానం ఖర్చు నాకు తెలిసింది ఆ అలమారాల మధ్యే. ఒక్క సంఘటన చెబుతాను. ఒకసారి ఒక విమానం పదకొండు రోజులు హ్యాంగర్‌లో నిలిచిపోయింది. కారణం ఒక ఓ-రింగ్. చేతి గాజు కన్నా సన్నంగా ఉండే నల్లటి రబ్బరు చుట్ట. స్టోర్స్‌లో నాలుగు ఉన్నాయి. ఖాకీ రంగు కాగితం ప్యాకెట్లలో, సీలు కూడా తీయకుండా, కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. కానీ రబ్బరుకి ఆయుష్షు ఉంటుంది. తయారైన తేదీ ప్యాకెట్ మీద ముద్ర వేసి ఉంటుంది. ఆ గడువు దాటితే, వాడకపోయినా సరే, పారేయాల్సిందే. నేను ఒక్కో ప్యాకెట్ లైటు కిందకి తెచ్చి తేదీ చూశాను. నాలుగూ గడువు దాటినవే. కొత్తవి చేసే కంపెనీ ఆ సైజు చేయడం ఎప్పుడో మానేసింది. వందల రూపాయలు కూడా చేయని వస్తువు కోసం కోట్ల విమానం కదలకుండా కూర్చుంది. దీన్నే మా భాషలో ఏ.ఓ.జి. అంటారు, ఎయిర్‌క్రాఫ్ట్ ఆన్ గ్రౌండ్. ఆ మూడు అక్షరాలు వింటే ఇప్పటికీ నాకు టెన్షన్ వస్తుంది.

ఇప్పుడు బి-52 దగ్గరికి వద్దాం. 1948 అక్టోబర్‌లో బోయింగ్ ఇంజినీర్లు ప్రొపెల్లర్ ఇంజిన్లతో ఒక డిజైన్ పట్టుకుని ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌కి వెళ్ళారు. వైమానిక దళం అధికారి అది వద్దు, జెట్ ఇంజిన్లతో తెమ్మన్నాడు. వాళ్ళు ఊరికి తిరిగి వెళ్ళలేదు. వాన్ క్లీవ్ అనే హోటల్ గదిలోనే కూర్చుని, ఆ వారాంతంలో మొత్తం డిజైన్ మళ్ళీ గీశారు. దగ్గర్లోని దుకాణంలో బాల్సా చెక్క కొని చిన్న నమూనా కూడా చెక్కారు. సోమవారం ఉదయం 33 పేజీల ప్రతిపాదన, ఆ చెక్క బొమ్మ బల్ల మీద పెట్టారు. ఈ తరంలో ఒక బాంబర్ డిజైన్‌కి ఏళ్ళకి ఏళ్ళు, వేల కోట్ల డాలర్లు పడుతున్నాయి. అందుకే ఆ హోటల్ గది నాకు మాటిమాటికీ గుర్తొస్తుంది.

మొత్తం 744 బి-52లు చేశారు. చివరిది 1962 అక్టోబర్‌లో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. చివరి రకం పేరు బి-52హెచ్. అప్పట్లో ఒక్కొక్కటి దాదాపు 93 లక్షల డాలర్లు. 2012 నాటి డాలర్లలో చెప్పాలంటే 8.4 కోట్లు అని అమెరికా వైమానిక దళమే లెక్క కట్టింది. ఆ రకం 102 చేస్తే, ఇప్పుడు 76 మిగిలాయి. అవన్నీ మీ తాతల వయసువి. వాటిని నడుపుతున్న పైలట్లలో కొందరి తండ్రులు, ఇంకొందరి తాతలు కూడా బి-52లే నడిపారు.

దాని సైజు ఊహించుకోండి. రెక్కల వెడల్పు 185 అడుగులు. పూర్తి బరువుతో లేస్తే 221 టన్నులు. ఆ రెక్కల నిండా ఇంధనమే. నింపితే రెక్కలు బరువుకి కిందకి వాలిపోతాయి, అందుకే వాటి చివర్లకి కూడా చిన్న చక్రాలు పెట్టారు. ట్యాంకులు నిండితే 1,80,000 లీటర్ల పైన పడుతుంది. మన పెట్రోలు బంకులకి వచ్చే 12,000 లీటర్ల ట్యాంకర్ లారీలు పదిహేను వరసగా వచ్చి ఖాళీ చేస్తే ఒక్క విమానం నిండుతుంది. ఆ పదిహేను లారీలూ ఎనిమిది ఇంజిన్లు తాగేస్తాయి.

గంటకి ఎంత ఖర్చు? పదేళ్ళ పైమాట, 2010 తర్వాతి లెక్కల్లో, బి-52 ఒక గంట ఎగరడానికి దాదాపు 70,000 డాలర్లు అని తేల్చారు. ఇప్పటి మారకంలో సుమారు 60 లక్షల రూపాయలు. ఈ అంకె పేపర్లలో చూసి అందరూ నోరు వెళ్ళబెడతారు. కానీ ఇంజినీర్లు కాబోతున్న మీరు ఈ అంకెని విడదీసి చూడాలి. ఒక ప్రయాణికుల విమానం ఏడాదికి మూడు వేల గంటలకి పైగా ఎగురుతుంది. బాంబర్ దాంట్లో పదో వంతు ఎగిరితే గొప్ప. ఎగిరినా ఎగరకపోయినా మెకానిక్‌కి జీతం ఇవ్వాలి. హ్యాంగర్‌కి కరెంటు కట్టాలి. నాలుగేళ్ళకోసారి ఓక్లహోమాలోని టింకర్ స్థావరానికి తీసుకెళ్ళి, విప్పి, రెక్కలు, బాడీ పగుళ్ళ కోసం వెతికి, మళ్ళీ బిగించాలి. ఈ ఖర్చంతా కొద్ది గంటల మీద పంచితే గంట ఖర్చు కొండంత కనిపిస్తుంది. అందుకని "ఎగరడం తగ్గిస్తే డబ్బు మిగులుతుంది" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. గంటలు తగ్గించినంత మాత్రాన మెకానిక్ జీతం తగ్గదు.

ఇంకో సంగతి. ఇవి ఇన్నేళ్ళు నిలబడటానికి కారణం కూడా తక్కువ ఎగరడమే. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో ఈ విమానాల్లో చాలావాటిని అణుబాంబులు ఎక్కించి, సైరన్ మోగితే లేవడానికి సిద్ధంగా రన్‌వే పక్కన నిలబెట్టి ఉంచేవాళ్ళు. సిబ్బంది పక్కనే పడుకునేవారు. లోహం అలసిపోయేది గాల్లో. అందుకే పుట్టి అరవై ఏళ్ళు దాటినా వీటి రెక్కల పైతొడుగుకి ఇంకా ఆయుష్షు మిగిలే ఉంది. బి-52కి ఆ పైతొడుగే ఆయుష్షు రేఖ, మిగతావన్నీ మార్చుకోవచ్చు.

మరి దీన్ని పక్కన పెట్టి కొత్తది కొనొచ్చు కదా అంటారు. కొనబోయారు, ఒకసారి కాదు. శబ్దం కన్నా రెండింతల వేగంతో పోయే బి-58ని చేశారు, 1960లో వచ్చి 1970కల్లా వెళ్ళిపోయింది. దాన్ని నడపడం అంత ఖరీదు. తర్వాత ఎక్స్‌బి-70 అన్నారు, రెండే చేసి ఆపేశారు. బి-1ని 1977లో అధ్యక్షుడు కార్టర్ రద్దు చేస్తే, 1981లో తర్వాతి అధ్యక్షుడు రీగన్ మళ్ళీ తెప్పించి 100 చేయించాడు. వాటిలో ఇప్పుడు సగం కూడా లేవు.

బి-2 దగ్గర మాత్రం మనం కాసేపు ఆగాలి. రాడార్‌కి చిక్కని విమానం. 132 చేద్దామనుకున్నారు. సోవియట్ యూనియన్ కూలిపోయింది. 1992 జనవరిలో అధ్యక్షుడు పెద్ద బుష్ 20తో ఆపేస్తున్నామన్నాడు. చివరికి ఒక ప్రయోగ విమానాన్ని కూడా కలుపుకుని 21 అయ్యాయి. ఇప్పుడు గణితం చూడండి. మొత్తం కార్యక్రమానికి 4,475 కోట్ల డాలర్లు అయింది. 21తో భాగిస్తే ఒక్కోటి 210 కోట్ల డాలర్ల పైన. పేపర్ల వాళ్ళు "210 కోట్ల విమానం" అన్నారు. నిజానికి ఒక విమానం కొనుగోలు ధర దాదాపు 74 కోట్లు. మిగతాదంతా పరిశోధన, డిజైన్, పరీక్షల ఖర్చు. అది 132 మీద పంచాల్సింది, 21 మీద పడింది. ఇంట్లో పది మందికి వండడానికి కొన్న గుండిగలో ఇద్దరికి వండినట్టు. విమానాలు తగ్గించడం పొదుపు అనుకుంటారు కానీ, తగ్గించిన కొద్దీ మిగిలినవి ఒక్కొక్కటీ మరింత ఖరీదైపోతాయి. ఇంత ఖరీదైపోతే పోగొట్టుకోలేరు. పోగొట్టుకోలేనిదాన్ని ఎగరేయడానికీ వెనకాడతారు.

2008 ఫిబ్రవరి 23న గువామ్ దీవిలో ఒక బి-2 లేస్తూనే కూలింది. పైలట్లిద్దరూ బయటపడ్డారు. విచారణలో తేలిందేమిటంటే, గాలి పీడనం కొలిచే సెన్సర్లలోకి తేమ చేరింది. తేమ ఉండగానే వాటిని సరిచూసి సెట్ చేశారు. తేమ ఆరాక అవి తప్పు వేగం చూపించాయి. నష్టం 140 కోట్ల డాలర్లు. మన విశాఖ గాలిలో ఎంత తేమ ఉంటుందో మీకు తెలుసు. బి-2 చర్మం మీద పూసే పూతలకీ తేమ పడదు. దానికి ఏసీ హ్యాంగర్ కావాలి. ఒక దశలో అది ఒక గంట ఎగరాలంటే నేల మీద వంద గంటలకి పైగా పనిచేయాల్సి వచ్చేది. అమెరికా ప్రణాళిక ప్రకారం బి-1, బి-2 రెండూ రిటైరైపోయాక కూడా బి-52 ఎగురుతూ ఉంటుంది. కోడళ్ళని సాగనంపి అత్తగారు ఇంట్లో ఉన్నట్టు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే భాగానికి వస్తున్నాను. ఇంజిన్ల కథ.

బి-52హెచ్‌లో ఉన్నవి టీఎఫ్33 అనే ఇంజిన్లు. 1950లలో పుట్టినవి, 1985లోనే వాటి తయారీ ఆగిపోయింది. 1996లో బోయింగ్ ఒక ప్రతిపాదన పెట్టింది. ఎనిమిది పాతవి తీసేసి, బోయింగ్ 757కి వాడే పెద్ద రోల్స్-రాయిస్ ఇంజిన్లు నాలుగు పెడదాం అని. వైమానిక దళం లెక్క వేసి, గిట్టుబాటు కాదని కొట్టేసింది. లెక్కలో పొరపాటు ఎక్కడుందో చూడండి. ఇంధనం ధర గాలన్‌కి ఒక డాలర్ చొప్పున వేశారు. అంటే డిపోలో కొన్న ధర. కానీ బి-52 దూరం పోవాలంటే గాల్లోనే ట్యాంకర్ విమానం నుంచి ఇంధనం పట్టుకోవాలి. ఆ ట్యాంకర్‌కి కూడా పైలట్లు, ఇంజిన్లు, మెకానిక్‌లు ఉంటారు. అది కూడా ఇంధనం తాగుతుంది. రక్షణ శాఖకి సలహా ఇచ్చే డిఫెన్స్ సైన్స్ బోర్డు 2001లో ఆ లెక్క సరిగ్గా కట్టింది. గాల్లో అందించే ఒక గాలన్ ఖరీదు 17.50 డాలర్లు. ఒక డాలర్‌కీ పదిహేడున్నరకీ ఎంత తేడా! తర్వాత అదే బోర్డు ఇంజిన్లు మార్చడమే మంచిదని చెప్పింది. అయినా కదలలేదు. ఇంధనం డబ్బు ఒక ఖాతాలో, ట్యాంకర్ డబ్బు ఇంకో ఖాతాలో ఉంటే ఇలాగే జరుగుతుంది. మా స్టోర్స్‌లోనూ చూశాను. విడిభాగం కొనే డబ్బు మిగిల్చినందుకు ఒకరిని మెచ్చుకునేవారు, అది లేక ఆగిపోయిన విమానం నష్టం ఇంకొకరి పద్దులో పడేది.

చివరికి 2021 సెప్టెంబర్‌లో, మొదటి ప్రతిపాదన వచ్చిన పాతికేళ్ళకి, రోల్స్-రాయిస్ ఎఫ్130 ఇంజిన్లకి కాంట్రాక్టు ఇచ్చారు. 76 విమానాలకి ఎనిమిదేసి చొప్పున 608 ఇంజిన్లు, పైగా స్పేర్లు, విలువ 260 కోట్ల డాలర్ల దాకా. పెద్దవి నాలుగు కాకుండా చిన్నవి ఎనిమిదే ఎందుకు పెట్టారో మీరు పరీక్షలో రాయగలిగిన జవాబే. రెక్క చివరి వైపున్న పెద్ద ఇంజిన్ ఒకటి ఆగిపోతే విమానం పక్కకి తిరిగిపోతుంది, దాన్ని నిలబెట్టాలంటే తోక చుక్కాని పెద్దది కావాలి. పెద్ద ఇంజిన్ నేలకి తగలకుండా చూసుకోవాలి. రెక్కల కింద అమరిక మార్చాలి. ఒకటి ముట్టుకుంటే పది కదులుతాయి. పాత సైజులోనే కొత్తవి పెడితే ఆ గొడవ తగ్గుతుంది. ఇంధనం దాదాపు 30 శాతం దాకా ఆదా అవుతుందంటున్నారు. అంతకన్నా ముఖ్యం, కొత్త ఇంజిన్లని రెక్క నుంచి దించి రిపేరు చేసే పని దాదాపు ఉండదు. అయినా ఈ పని కూడా అనుకున్న తేదీకి అయ్యేట్టు లేదు. 2030 అనుకున్నది 2033కి వాయిదా పడింది. కొత్త రాడార్ పని ఖర్చు కూడా పెరిగింది. పాత ఇల్లు బాగుచేయించిన ఎవరినైనా అడగండి, గోడ తవ్వాకే లోపల ఏముందో తెలుస్తుంది.

మన వాళ్ళకి ఈ పాతదాన్ని నిలబెట్టే విద్య కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికన్ బి-24 లిబరేటర్ బాంబర్లు కాన్పూర్‌లో పడేసి ఉన్నాయి, మళ్ళీ ఎగరకుండా చెడగొట్టి మరీ వదిలారు. స్వాతంత్ర్యం వచ్చాక హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు వాటిలో నలభైకి పైగా వాటిని ఎగిరే స్థితికి తెచ్చి, కాన్పూర్ నుంచి బెంగళూరుకి ఒక్కొక్కటిగా ఎగరేసుకుంటూ తీసుకెళ్ళారు. 1968 దాకా అవి మన వాయుసేనలో ఉన్నాయి. ఆ పని చేసిన మెకానిక్‌ల పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సినవి.

ఖర్చు గురించి మాట్లాడుతూ కింద ఉన్నవాళ్ళని మరిచిపోతే నేను మనిషిని కాను. 1972 డిసెంబర్‌లో పదకొండు రోజులు బి-52లు వియత్నాంలోని హనోయ్ మీద, హైఫాంగ్ మీద బాంబులు వేశాయి. 15 బి-52లు కూలాయి. డిసెంబర్ 26 రాత్రి ఖామ్ థియెన్ అనే వీధి మీద బాంబులు పడ్డాయి. మనుషులు కాపురాలు చేసుకుంటున్న వీధి అది, రెండు వందల మందికి పైగా పోయారు. హనోయ్‌లో ఒక చిన్న చెరువు ఉంది, చుట్టూ ఇళ్ళు. కూలిన బి-52 శకలం ఒకటి ఇప్పటికీ ఆ నీళ్ళలో తేలి కనిపిస్తుంది. గంటకి 70,000 డాలర్లు అన్న లెక్కలో ఆ వీధి లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో సేనాపతిగా చేసి అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ 1953 ఏప్రిల్ 16న, బి-52 పుట్టిన ఏడాదికి, పత్రికా సంపాదకుల ముందు నిలబడి ఒక ఆధునిక భారీ బాంబర్ ఖరీదు వేరే పద్ధతిలో చెప్పాడు. ముప్ఫైకి పైగా ఊళ్ళలో ఒక్కో ఇటుకల బడి. లేదా అరవై వేల జనాభా ఉన్న పట్టణానికి సరిపోయే విద్యుత్ కేంద్రాలు రెండు. లేదా అన్ని వసతులూ ఉన్న ఆసుపత్రులు రెండు. లేదా యాభై మైళ్ళ కాంక్రీట్ రోడ్డు. ఇంత సూటిగా లెక్క చెప్పిన పాలకుడిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన హయాంలోనే బి-52లు వందలకొద్దీ తయారయ్యాయి, అది కూడా చెప్పాలి.

ఇప్పుడు బి-21 వస్తోంది. 2023 నవంబర్ 10న మొదటిసారి ఎగిరింది. కనీసం 100 కొంటామంటున్నారు, సగటున ఒక్కోటి 2022 డాలర్లలో 69 కోట్ల పైన. బి-2 నుంచి నేర్చుకున్న పాఠం ఆ వంద అనే అంకెలో ఉంది. చేస్తున్న నార్త్‌రాప్ కంపెనీ మొదటి విడతల మీద దాదాపు 156 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. ఆ వంద నిజంగా వంద అవుతాయా అన్నదాని మీదే దాని ధర తేలుతుంది.

మన బీచ్‌లో ఉన్నదాని అన్న సంగతి కూడా చెప్పాలి. 2025 జూన్ 1న ఉక్రెయిన్ వాళ్ళు లారీల్లో దాచి తీసుకెళ్ళిన చిన్న డ్రోన్లతో రష్యా స్థావరాల మీద దాడి చేశారు. నేల మీద నిలబడి ఉన్న టీయూ-95లు కొన్ని తగలబడిపోయాయి. వాటిని చేసే ఫ్యాక్టరీ లైన్ 1990ల్లోనే మూతపడింది. పోయినదాని బదులు ఇంకోటి చేయలేరు. పాతదాన్ని పోషించే దేశానికి ఇది అసలైన భయం.

అమెరికా ఆ భయానికి ఎడారిలో జవాబు పెట్టుకుంది. అరిజోనాలో టూసన్ పక్కన పొడి నేల, తుప్పు పట్టదు. రిటైరైన సైనిక విమానాలు చాలావరకు అక్కడే. 1991లో సోవియట్లతో కుదిరిన ఒప్పందం ప్రకారం 365 బి-52లని అక్కడే క్రేన్‌కి వేలాడదీసిన పెద్ద ఉక్కు కత్తితో ముక్కలు చేశారు, ఉపగ్రహాల నుంచి రష్యావాళ్ళు చూసుకునేలా ఆ ముక్కల్ని అలాగే పరిచి ఉంచారు. హెచ్ రకం కొన్నిటిని మాత్రం స్పేర్ల కోసం దాచారు.

వాటిలో ఒకదాని పేరు వైజ్ గై. 2008లో దాన్ని అక్కడ వదిలి వెళ్తూ సిబ్బంది కాక్‌పిట్‌లో చేత్తో రాసిన చీటీ పెట్టారు. మళ్ళీ మాకు అవసరం పడేదాకా దీన్ని జాగ్రత్తగా చూసుకోండి అని. 2016లో గువామ్‌లో ఒక బి-52 పోయింది, 76కి ఒకటి తగ్గింది. వైజ్ గైని లేపారు. ఎండిపోయిన ఇంధన సంచులు, టైర్లు మార్చారు. 2019 మేలో అది తనంతట తాను ఎగిరి లూసియానాలోని బార్క్స్‌డేల్‌కి వెళ్ళింది. అక్కడి నుంచి టింకర్‌లో పూర్తిగా విప్పి బిగించాక 2021లో నార్త్ డకోటాలోని మైనాట్ స్థావరంలో డ్యూటీలో చేరింది. మొత్తం ఖర్చు దాదాపు 3 కోట్ల డాలర్లు. ఎడారిలో అది నిలబడి ఉన్న పదకొండేళ్ళలో ఎవరో ఒక స్టోర్స్ మనిషి దాని కాగితాలన్నీ, ఏ భాగం ఎప్పుడు తీశారో, ఏది ఎక్కడ పెట్టారో, తేదీలతో సహా రాసి ఉంచే ఉంటాడు.

మీ ప్రశ్నలు అడగండి. నాకు సమయం ఉంది.